దసరాకి మొదలుపెట్టి సంక్రాంతికి ముగిద్దామంటే మన వానలు ఒప్పుకోవు

సంపాదకులు గారికి,

అయ్యా,

దసరా వెళ్లగానే నెల్లూరు, కావలి, ఒంగోలు వీధుల్లో ఇసుక కుప్పలు లేస్తాయి. సంక్రాంతికి కూతుళ్లూ అల్లుళ్లూ వచ్చేలోపు బాత్రూం మార్పించాలి, వంటింటి గట్టుకి గ్రానైటు వేయించాలి, ఇల్లంతా రంగులు కొట్టించాలి అని ఎక్కువమంది మేస్త్రిని పిలిచేది ఈ రోజుల్లోనే. క్రైస్తవ కుటుంబాలకైతే గడువు ఇంకా దగ్గర, డిసెంబరు 25. ఇల్లు ఖాళీ చేసి వేరేచోట ఉండే స్తోమత కొద్దిమందికే ఉంటుంది. మిగతావాళ్లు ముసలివాళ్లతో, బడికెళ్లే పిల్లలతో అదే ఇంట్లో ఉంటూ, ఒక గదిలో సుత్తి దెబ్బలు పడుతుంటే పక్క గదిలో పడుకుంటారు.

దసరా తర్వాత పని మొదలుపెట్టమనే సలహా హైదరాబాదుకి బాగా సరిపోతుంది. అక్కడ వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. దసరాకి తెరిపిస్తుంది, గోడలు ఆరతాయి, రంగు పడుతుంది. మనకి సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. 2021లో పెన్నా పొంగి ఊళ్లు మునిగింది నవంబరులో. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరు తీరం మొత్తాన్ని నానబెట్టింది. రెండూ రంగుల పని జోరుగా సాగే రోజులే. కనిగిరి, పొదిలి వైపు వాన ఇంత ఉండదు గానీ ముసురు పట్టిన రోజుల్లో గోడ ఆరదన్నది అక్కడా నిజమే.

లెక్క వేసి చూడండి. దసరా ఆలస్యంగా వచ్చిన ఏడు భోగికి మధ్య ఉండేది పన్నెండు వారాలు. దీపావళికి పని ఆగుతుంది. ఉత్తరాది నుంచి వచ్చిన టైల్స్ పనివాళ్లు, వడ్రంగులు దీపావళికీ ఛఠ్ పూజకీ ఊరెళ్తే రెండు మూడు వారాలకి గానీ తిరిగి రారు. రెండు అల్పపీడనాలు పడితే చెరొక వారం పోతుంది. మన బేల్దారులు భోగికి రెండు మూడు రోజుల ముందే ఊళ్లకి పోతారు, ముక్కనుమ దాటినా వెంటనే రారు. చేతిలో మిగిలేది ఆరేడు వారాలు. అందులో ఒక బాత్రూం, వంటింటి గట్టు, వైరింగు అవుతాయి. మిద్దె మీది పని, బయటి గోడల పూత, ఇంటి మొత్తానికి రంగులు అవవు. వాటిని సంక్రాంతి తర్వాతికి పెట్టుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకు, ఎలాగ అన్నది కింద రాస్తున్నాను.

ముందు బాత్రూం. పది రోజుల్లో ఇచ్చేస్తామనే మాట ఎక్కడైనా వినపడుతుంది. పని వరస ఇలా ఉంటుంది. పాత టైల్స్, పూత కొట్టేసి రబ్బీసు (పగలగొట్టిన పెళ్లల చెత్త) ఎత్తడానికి రెండు రోజులు. గోడలో గాడి కొట్టి పైపులు వేసి, అతుకులు ఆరాక ఒత్తిడి పరీక్ష చేయడానికి మూడు రోజులు. గోడ పూత ఒకటి రెండు రోజులు, దాన్ని తడపడం వారం. వాటర్ ప్రూఫ్ కోటింగు రెండు పొరలు, అవి ఆరడానికి రెండు మూడు రోజులు. నీళ్లు నిలిపి చూడటానికి రెండు నుంచి మూడు రోజులు. తర్వాత నేల వాలు, టైల్స్, సందుల పూడిక, కుళాయిలు కలిపి ఆరు రోజులు. మొత్తం 23 నుంచి 26 రోజులు. పది రోజుల్లో ముగించేవాళ్లు చేతి పనిని తగ్గించలేరు కాబట్టి, కోసేది తడిపే వారాన్నీ ఆరే రోజుల్నీ నీటి పరీక్షనీ. ఆ కోత ఫలితం అవతలి గదిలో బీరువా వెనక గోడ మీద ఆరు నెలలకి కనిపిస్తుంది.

పైపుల ఒత్తిడి పరీక్షని చాలా ఇళ్లలో కుళాయి తిప్పి చూడటంతో సరిపెడతారు. అది చాలదు. మిద్దె మీది ట్యాంకు పది అడుగుల ఎత్తుకి ఇచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. దానికి సన్న లీకు బయటపడదు. తర్వాత ఎప్పుడో ప్రెషర్ పంపు పెట్టినప్పుడు గోడ లోపల చీదుతుంది. టైల్స్ వేయకముందే అన్ని మూతులకీ మూతలు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, మీటరు ముల్లు రాత్రంతా దిగకుండా ఉందో లేదో చూడాలి. ఈ పంపు ప్లంబర్ల దగ్గర అద్దెకి దొరుకుతుంది. వేడినీళ్ల లైనుకి సీపీవీసీ పైపే వాడాలి. దాని అతుకు వేసిన రోజే ఒత్తిడి పెట్టకూడదు, ముసురులో ఒక రోజు పూర్తిగా ఆగాలి.

కోటింగు విషయంలో జరిగే పొరపాటు మూలల్లో. నేలా గోడా కలిసేచోట సిమెంటుతో గుండ్రంగా మలచకుండా నేరుగా బ్రష్షు కొడితే ఆ మూలలోనే పగుళ్లు వస్తాయి. మొదటి పొర నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి. గోడకి అడుగు ఎత్తు చాలు, షవరు ఉన్న గోడకి మాత్రం ఆరడుగులు. గోడ పూతలో కలిపే వాటర్ ప్రూఫ్ ద్రవం డబ్బా మీద రాసినంతే, సాధారణంగా 50 కిలోల సిమెంటు బస్తాకి 200 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టిపడుతుందనే నమ్మకం తప్పు. కోటింగు ఆరాక నీళ్లు బయటికి పోయే పైపు మూతి కట్టేసి రెండు అంగుళాల నీళ్లు నిలిపి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, 48 గంటల తర్వాత చూడాలి. ముసురు రోజుల్లో నీళ్లు ఆవిరై తగ్గేది నామమాత్రం, కాబట్టి గీత నుంచి అర అంగుళం దిగిందంటే ఎక్కడో పోతోందనే అర్థం. మళ్లీ కోటింగు వేసి మళ్లీ నిలపాలి. ఈ రెండు రోజుల్ని పండగ పేరుతో వదిలేస్తే తర్వాత టైల్స్ పగలగొట్టి చూడాల్సిందే.

విట్రిఫైడ్ టైల్స్ నీరు పీల్చవు. అందుకని వాటి వెనక వట్టి సిమెంటు పాలు పూసి అంటిస్తే పట్టు దొరకదు. అంటించే జిగురు సిమెంటు వాడాలి, 20 కిలోల బస్తా సుమారు 50 చదరపు అడుగులకి వస్తుంది. ఆరాక నాణెంతో కొట్టి చూస్తే డొల్ల మోత వచ్చే టైలు తెలుస్తుంది. దాన్ని అప్పుడే మార్పించాలి. సందులు పూడ్చడం మామూలు రోజుల్లో మర్నాడు చేయొచ్చు, ముసురులో ఇంకో రోజు ఆగడం మంచిది. నేల వాలు ఐదడుగులకి ఒక అంగుళం. గోళీ వదిలితే అది జాలీ వైపు దొర్లాలి. టైల్స్ కొనేటప్పుడు పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు అన్నిటికీ ఒకటే ఉన్నాయో చూడాలి. పండగ ఆఫర్లలో మిగిలిపోయిన వేర్వేరు బ్యాచ్‌లు కలిపి అమ్మడం మామూలే. విరిగేవాటికీ కోతకీ నూటికి పది ఎక్కువ తీసుకుని, మిగిలినవి అటకెక్కించాలి.

ఇంకో మాట, ఇది ఏ కొటేషన్‌లోనూ రాయరు. గమేళాలు, తాపీలు కడిగిన సిమెంటు నీళ్లు లెట్రిన్ పైపులో పోయకూడదు. ఆ బురద ట్రాపులో (పైపు వంపులో) గడ్డకట్టి, సరిగ్గా ఇంటినిండా చుట్టాలున్న రోజున నీళ్లు వెనక్కి తంతాయి. పని మొదటి రోజే పైపు మూతులన్నిటికీ మూతలు కొట్టించాలి, గోనె గుడ్డ కుక్కితే చాలదు. కడుగు నీళ్లకి పెరట్లో ఒక గొయ్యి చాలు. పండక్కి ఇంట్లో పదిమంది ఉంటే మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన 1,350 లీటర్లు కావాలి. 500 లీటర్ల ట్యాంకు ఉన్న ఇంట్లో మోటారు రోజుకి మూడుసార్లు వేయక తప్పదు, కొత్త షవరు ఎంత బాగున్నా సరే.

ఇసుక గురించి. వానాకాలంలో వచ్చేది తడి ఇసుక, అది ఉబ్బి ఉంటుంది. రేణువుల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని దూరంగా నెడుతుంది. దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నిటారుగా ఉన్న గాజు జాడీలో 20 సెంటీమీటర్ల ఎత్తు ఇసుక పోసి, నీళ్లు మునిగేదాకా పోసి కదిపి, కుదురుకున్నాక కొలవండి. 16కి దిగితే 25 శాతం ఉబ్బు ఉన్నట్టు. నూరు ఘనపుటడుగులకి డబ్బు కట్టి నిజానికి 80 తెచ్చుకున్నట్టు కూడా. డబ్బు సంగతి అలా ఉంచితే, సిమెంటుకి ఇసుక 1:5 పాళ్లు అనుకుని తట్టలతో కొలిచి కలిపిన మాలు నిజంగా 1:4 అవుతుంది. సిమెంటు ఎక్కువైన పూత ఆరేటప్పుడు ముడుచుకుని సాలెగూడు పగుళ్లిస్తుంది, నింద సిమెంటు కంపెనీ మీద పడుతుంది. తడి ఇసుకైతే ఐదు తట్టల బదులు ఆరుంబావు వేయించాలి. అరంగుళం మందాన నూరు చదరపు అడుగుల గోడ పూతకి 1:5లో బస్తాకి కాస్త తక్కువ సిమెంటు, ఐదు ఐదున్నర ఘనపుటడుగుల పొడి ఇసుక పడుతుంది. పెన్నాలో నీళ్లు పారే రోజుల్లో ఇసుక తవ్వే రీచ్‌లు ఆగి కటకటగా ఉంటుంది కాబట్టి కావాల్సింది దసరాకి ముందే తోలించుకుని పట్ట కప్పి ఉంచితే ఈ బాధ సగం తప్పుతుంది. సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలపడమూ అంతే. ఇనుము ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. దాటితే లోపల కమ్మి తుప్పుపట్టి ఉబ్బి, కొన్నేళ్లకి సజ్జలు పెచ్చులూడతాయి.

సిమెంటు వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి. చెక్కల మీద, నేలకి అర అడుగు పైన, గోడకి అడుగు ఎడంగా పేర్చి పట్ట కప్పాలి. పాత సిమెంటుని గడ్డలు చిదిపి వాడటం మానాలి.

ఇక రంగులు. ప్రతి పండక్కీ డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కొత్త పూత మీద రంగు వేయాలంటే కనీసం 28 రోజులు ఆగాలి, అది ఎండ ఉన్న రోజుల లెక్క. డిసెంబరులో పూత పూసి జనవరి మొదటి వారంలో పుట్టీ, ప్రైమరు, ఎమల్షను లాగించేస్తే లోపలి తడి బయటికి రావడానికి దారి ఉండదు. అది ఉప్పుని మోసుకొచ్చి రంగు వెనక తెల్లగా పొంగుతుంది, ఫిబ్రవరి ఎండకి పొరలు పొరలుగా ఊడుతుంది. పాత గోడ అయినా పరీక్ష చేయాలి. అడుగున్నర చదరం పలచటి ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి, సాయంత్రం నుంచి మర్నాటి పొద్దుటిదాకా, ఓ 16 గంటలు ఉంచండి. తీసినప్పుడు లోపలివైపు చెమట పట్టినా, గోడ రంగు మారినా, ఆ గోడ రంగుకి సిద్ధంగా లేదు. ఇదే పరీక్ష మిద్దెకీ పనికొస్తుంది.

పుట్టీ రెండు కోట్లు కలిపినా ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. గోడ వంకరల్ని పుట్టీతో సరిచేయమని అడిగితే మేస్త్రి కాదనడు, కిలోల లెక్కన కూలీ పెరుగుతుంది గనక. మందంగా పట్టించిన పుట్టీయే మొదట ఊడేది. వంకర ఉంటే సిమెంటు మాలుతోనే సరిచేయించాలి. రెండు కోట్లకి కిలోకి 10 నుంచి 15 చదరపు అడుగులు వస్తుంది. అంతకంటే బాగా ఎక్కువ బస్తాలు దిగుతుంటే ఎక్కడ పోతోందో అడగండి.

నెల్లూరు మూలాపేట లాంటి పాత పేటల్లో సున్నపు గచ్చు గోడల ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటి పునాదిలో చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలోంచి తడి మోకాలెత్తు దాకా ఎక్కి గోడ ముఖం నుంచి ఆరిపోతుంటుంది. ఆ గోడకి సిమెంటు పూత పూసి ప్లాస్టిక్ ఎమల్షను వేస్తే తడి ఇంకా పైకి, నడుమెత్తుకి ఎక్కి పెచ్చులు ఊడదీస్తుంది. సున్నపు గోడకి సున్నమే వేయించాలి. పనివాళ్లు తగ్గారన్నది నిజమే గానీ దొరకనంత తగ్గలేదు.

అందుకని పండక్కి ఇల్లు తెల్లగా కనిపించాలంటే నా సలహా, రంగులు మానేసి వెల్ల వేయించుకోండి. వెల్ల తడిని ఆపదు, ఖర్చు తక్కువ, రెండు రోజుల పని. ఇప్పటికే ఎమల్షను ఉన్న గోడలకి వెల్ల పట్టదు, వాటిని కడిగి తుడిచి వదిలేయడమే. అసలు రంగులు రథసప్తమి దాటాక, ప్లాస్టిక్ కాగితం పొడిగా వచ్చాక. తలుపులకి పాలిషు, ఎనామిలు కూడా అప్పుడే. ముసురులో వేసిన పాలిషు పాలచారలా తెల్లబడుతుంది. వానకి ఉబ్బి పట్టేసిన తలుపుని వెంటనే చిత్రిక పట్టించే తొందరా వద్దు. నవంబరులో అర అంగుళం చెక్కేసిన తలుపు ఏప్రిల్‌లో ముడుచుకుని, సందులోంచి అవతలి మనిషి కనిపిస్తాడు.

మిద్దె కారుతుంటే వానల్లో చేయగలిగింది తక్కువ. నీళ్లు పోయే గొట్టాల మూతుల్లో ఆకులు తీయించడం, పిట్టగోడ మొదట్లో కనిపించే పగుళ్లని తెరిపిచ్చినప్పుడు పాలిమర్ మాలుతో పూడ్చడం, మరీ కారేచోట పట్ట కప్పడం. తడి మిద్దె మీద తెల్ల కోటింగు కొట్టించడం దండగ. బుడగలు లేచి మరుసటి ఏటికి చేత్తో లాగితే వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు దానికి సరైనవి.

పని జరిగే ఇంట్లోనే ఉండేవాళ్లకి మూడు ఎప్పుడూ ఆగకూడదు: ఒక లెట్రిన్, ఒక పొయ్యి, దుమ్ము చేరని ఒక పడకగది. రెండు బాత్రూములుంటే ఒకదాని కుళాయి తిరిగి, తలుపు గడియ పడేదాకా రెండోదాని మీద సుత్తి పడనివ్వకూడదు. ఒకటే ఉన్న ఇంట్లో ఈ కాలంలో బాత్రూం పని పెట్టుకోకపోవడమే మేలు.

పొయ్యిని వరండాలోకి మార్చినప్పుడు గ్యాసు బండని నిలువుగా, పొయ్యిని దానికంటే ఎత్తులో రాతి బల్ల మీద పెట్టాలి. పొడుగు చాలలేదని రెండు ట్యూబులు అతకడం ప్రాణాంతకం. ట్యూబు ఒకటిన్నర మీటరు దాటకూడదు, దాని మీది తేదీ ఐదేళ్లు దాటితే మార్చాలి. థిన్నరు, పాలిషు డబ్బాలు ఆ ఛాయల్లో ఉండకూడదు. దీపావళి నాడు పట్టలు, గోనెలు, థిన్నరు ముందు గదిలో వదిలేసి గడపలో ప్రమిదలు పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఆ ఒక్క రాత్రికైనా వాటిని పెరటి గదిలో పెట్టి తాళం వేయాలి.

దుమ్ములో చెడ్డది గ్రానైటు, టైల్స్ కోసేటప్పుడు లేచేది. అందులోని సన్న సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. కోత ఇంటి బయట, బ్లేడు మీద నీళ్లు పడుతూ జరగాలి. పని గదికీ ఇంటికీ మధ్య గుమ్మానికి మందపాటి ప్లాస్టిక్ పట్టని పైన, పక్కలా టేపు వేసి కట్టాలి, చీర వేలాడదీస్తే దుమ్ము ఆగదు. పని గది కిటికీలో బయటికి గాలి తోసే ఫ్యాను ఒకటి పెడితే దుమ్ము ఇంట్లోకి రాకుండా అటే పోతుంది. సాయంత్రం పొడి చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లని పగలగొట్టే రెండు మూడు రోజులు బంధువుల ఇంటికి పంపడం ఒక్కటే సరైన దారి.

కానుపుకి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో పాత తలుపుల రంగు గీకించకూడదు. రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల్లో 90 వంతులకి) కట్టడి చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకు ముందటి ఎనామిల్లో సీసం ఉండొచ్చు, పొడి గరుకు కాగితంతో రుద్దితే అది గాల్లో కలుస్తుంది. కడుపులో బిడ్డకీ, పాకే పిల్లలకీ సీసం చేసే కీడు పూడ్చలేనిది. తప్పదంటే నీళ్లు చల్లుతూ రుద్దించి, ఆ చెత్తని మూటకట్టి తీయించాలి.

దోమల సంగతి. పూత తడపడానికి పెట్టిన డ్రమ్ములు, ఇటుకలు నానేసే తొట్లు, పరీక్షకి నిలిపిన నీళ్లు అన్నీ డెంగీ దోమకి అనువైనవే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రైడే అని ఆశా కార్యకర్త వచ్చి చెప్పేది పూలకుండీలకే అనుకోకుండా, ఆ రోజు డ్రమ్ములు బోర్లించి మళ్లీ నింపుకోవాలి.

కరెంటు గురించి ఒక్క మాట: టైల్స్ కోసే మిషను ఇంట్లో దిగకముందే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి. తీగల కొనలు నేరుగా ప్లగ్గు కన్నాల్లో గుచ్చి అగ్గిపుల్లలు కుక్కే పద్ధతి తడి నేల మీద మనిషిని తీసుకుపోతుంది. కొత్త వైరింగుకి లైట్లకి 1.5, పెద్ద ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఎర్తు తీగ తప్పనిసరి.

రబ్బీసు బరువుని ఎవరూ లెక్క వేయరు. ఘనపుటడుగు రబ్బీసు 40 కిలోల పైనే ఉంటుంది. ఇళ్ల స్లాబు మోయాలని లెక్కకట్టే అదనపు బరువు చదరపు మీటరుకి 200 కిలోలు, అంటే చదరపు అడుగుకి 19 కిలోలకి లోపు. మేడ మీది గదిలో అర అడుగు ఎత్తు కుప్ప పోస్తేనే ఆ లెక్క అయిపోయింది, అడుగున్నర పోస్తే మూడింతలు దాటింది. వానకి తడిస్తే ఇంకా పెరుగుతుంది. ఏ రోజుది ఆ రోజు కిందికి దించాలి. సిమెంటు బస్తాలు మేడ మీద పదేసి ఎత్తు పేర్చడమూ ఇంతే.

హాలు పెద్దగా కనిపించాలని వంటింటి గోడ తీసేయించే మోజు ఈమధ్య పెరిగింది. పాత ఇళ్లలో చాలావాటికి స్తంభాలు ఉండవు, తొమ్మిదంగుళాల గోడలే మిద్దెని మోస్తాయి. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ అయితే తీయొచ్చు, అదీ దాని మీద పైన ఇంకో గోడ లేదని చూసుకున్నాక. మోసే గోడ తీయాలంటే ఇంజినీరు వచ్చి చూసి, జాకీలు పెట్టి, దూలం పోయించాలి. ఆరు మీటర్లలోపు దూలం కింద ఆధారాలు 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు కదపకూడదు. ఆ జాకీల మధ్య భోజనాల బంతి వేయలేం కాబట్టి ఇది పండగ ముందు పెట్టుకునే పని కానే కాదు.

చీమకుర్తి పక్కనే ఉంది గనక వంటింటి గట్టుకి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు మనకి అందుబాటు. పలక మీద నీళ్లు పోసి తుడవండి. చుట్టూ ఆరినా ఆరని సన్న గీత ఉంటే అది పగులు. నల్లరాయికి రంగు పూసి అమ్మడమూ ఉంది, తెల్ల గుడ్డని అసిటోన్‌తో తడిపి రుద్దితే నలుపు అంటుతుంది. సింకు, పొయ్యి కొలతలు కాగితం మీద ఇవ్వడం కంటే ఆ సామాను కొని కోసేవాళ్ల ముందు పెట్టడం నయం.

పండగ రోజుల్లో కొత్త పనికి జరిగే చేటు కూడా కొంత ఉంది. అరిసెల పిండి కొత్త టైల్స్ మీద రోలు పెట్టి దంచకూడదు, అడుగున డొల్ల ఉన్నచోట టైలు చిట్లుతుంది. పెద్ద మూకుడు పెట్టే పొయ్యిని వాటి మీద దించితే వేడికి పగులుతుంది. ఆ వంటలు పెరట్లో పాత బండల మీద చేసుకోవాలి. కొత్తగా పోసిన సిమెంటు వాకిలి మీద భోగిమంట వేస్తే లోపలి తడి ఆవిరై పై పొర చిట్లి లేస్తుంది. మట్టి మీద వేసుకోవాలి, వీలుకాకపోతే కింద అర అడుగు ఇసుక పరచాలి. కళ్లాపి పేడనీళ్లు, గొబ్బెమ్మలకి పెట్టే పసుపు కుంకుమలు కొత్త టైల్స్ సందుల్లో మరక దిగి పోవు. సందు ఆరాక సీలరు పూయిస్తే సరి.

డబ్బు దగ్గర ఒక నియమం చాలు. అడ్వాన్సు తక్కువ, పని దశల వారీగా చెల్లింపు, నీటి పరీక్ష నిలిచాక ఒక వాయిదా, పదో వంతు పండగ తర్వాతికి. పండగ ముందు బేల్దారికి డబ్బు అవసరం ఎక్కువ, అది న్యాయమే. అందుకని ఆ పదో వంతు తప్ప చేసిన పనికి పైసా ఆపకూడదు, చేయని పనికి ఇవ్వకూడదు. పని ఆపే తేదీ కూడా కాగితం మీద ఉండాలి: సంక్రాంతికైతే జనవరి 4 లేదా 5, క్రిస్మస్‌కైతే డిసెంబరు 15. ఆ రోజున పని ఎక్కడుంటే అక్కడ ఆపి, పైపు మూతులు మూసి, తీగల కొనలకి టేపు చుట్టి, పనిముట్లు కట్టి, ఇల్లు కడుక్కోవాలి. సగం పూతతో ఉన్న గోడ పండక్కి అడ్డం కాదు. పండగ వారంలో హడావిడిగా వేసిన టైల్సే తర్వాత ఏడిపిస్తాయి.

చివరిగా నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలకి, కావలి పురపాలక సంఘానికి ఒక విన్నపం. రోడ్డు మీద పోసిన ఇసుక, రబ్బీసు మొదటి పెద్ద వానకే కాలువలోకి జారి, ఆ వీధి మొత్తం మోకాలి లోతున మునుగుతుంది. ఈ తప్పు ఇళ్లవాళ్లదే. కానీ ఎక్కడ పారబోయాలో, ఎంత కట్టాలో తెలియక చాలామంది రాత్రిపూట చెరువు కట్టల మీద దింపించేస్తున్నారు. అక్టోబరు నుంచి జనవరి దాకా రబ్బీసు ఎత్తే ట్రాక్టరు ఏ వార్డుకి ఏ రోజు వస్తుందో, లోడుకి రుసుము ఎంతో వార్డు సచివాలయాల్లో బోర్డు పెట్టండి. కాలువకి మూడడుగుల లోపు ఇసుక పోస్తే జరిమానా అని అదే బోర్డు మీద రాయండి. ఆ రబ్బీసునే పల్లపు రోడ్ల గుంతలకి, ఏటి పండగకి జనం పెన్నా ఒడ్డుకి దిగే దారుల్లో బురద పూడ్చడానికి వాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక సివిల్ సూపర్‌వైజరు,
కావలి